మన్యం చలికి ముందే గీజరు తనిఖీ

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని జి.మాడుగుల, పాడేరు, చింతపల్లి మండలాల్లో కార్తీకం గడిచేసరికి తెల్లవారుజాము ఉష్ణోగ్రత 10 డిగ్రీల దిగువకు పడిపోవడం ఏటా జరిగేదే. చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో 5 డిగ్రీల లోపు నమోదయ్యే రోజులూ ఉంటాయి, లంబసింగి పరిసరాల్లో గడ్డిమీది మంచు గడ్డకట్టే రోజులూ ఉంటాయి. కట్టెల పొయ్యి మీద కాగులో నీళ్లు కాచుకునే అలవాటు ఊళ్లలో ఇంకా ఉన్నప్పటికీ, మండల కేంద్రాల్లోని ఇళ్లలోను, పర్యాటకుల వసతి గృహాల్లోను గీజరు వాడకం మామూలైంది. అయితే మైదానంలో తగిలించినట్టే తగిలించి వదిలేసిన గీజరు మన్యం చలికి సరిపోదు. వానలు వెనకపట్టిన వెంటనే, అంటే వాడకం పెరగకముందే, దాన్ని సిద్ధం చేసుకోవాలి.

నీళ్లు కాగడానికి పట్టే సమయం లోపలికి వచ్చే నీటి చల్లదనాన్ని బట్టి మారుతుంది. 25 లీటర్ల తొట్టె, 2,000 వాట్ల కాయిల్ ఉన్న గీజరు 24 డిగ్రీల నీటిని 40 డిగ్రీలకు తేవడానికి, నష్టాలు లెక్కించకుండా చూస్తే, సుమారు 14 నిమిషాలు పడితే, రాత్రంతా డాబా మీది ట్యాంకులో ఉండి 10 డిగ్రీలకు చల్లబడ్డ నీటికి 26 నిమిషాలు పడుతుంది. పైగా కాయిల్ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని అనుసరించి తగ్గుతుంది కాబట్టి, 230 వోల్టులకు బదులు 180 వోల్టులే అందే ఇంట్లో ఆ వేడి సుమారు 61 శాతానికి దిగి, అదే పనికి 43 నిమిషాలు కావాలి. గీజరు పాడైందని కొత్తది కొనేముందు వోల్టేజీ కొలిపించడం మంచిది. ట్యాంకు నుంచి గీజరుకు, గీజరు నుంచి స్నానాల గదికి ఆరుబయట సాగే గొట్టాలకు నురుగు తొడుగు వేయిస్తే ఖర్చు కొంచెమే, మిగిలేది మాత్రం ప్రతి ఉదయమూ కనిపిస్తుంది.

కొండ ఊటల నుంచి గ్రావిటీ పథకాల ద్వారా వచ్చే నీరు వానాకాలంలో ఒండ్రుమట్టిని వెంట తెస్తుంది. అది తొట్టె అడుగున పేరుకుంటే కాయిల్ వేడి నీటికి సరిగా అందదు. అందుకే కరెంటు పూర్తిగా తీసి, నీళ్లు చల్లారాక, తొట్టెను ఖాళీ చేయించి కడిగించాలి. ఆ సమయంలోనే యానోడ్ రాడ్‌ను బయటికి తీయించి చూడాలి. ఇది సాధారణంగా మెగ్నీషియంతో చేసిన కడ్డీ. ఉక్కు కంటే త్వరగా రసాయనిక చర్యకు లోనయ్యే లోహం కనుక, తొట్టెకు పట్టవలసిన తుప్పును తనమీద వేసుకుని క్రమంగా కరిగిపోతుంది. కడ్డీ గుంటలు పడి, అక్కడక్కడ నడిమి తీగ బయటపడితే మార్చవలసిందే, లేకుంటే తరవాత తినిపోయేది తొట్టే. ఒత్తిడి హద్దు మీరినప్పుడు నీటిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్ మట్టితో బిగుసుకుపోలేదని కూడా ఇప్పుడే నిర్ధారించుకోవాలి. దాని నుంచి చుక్కలు కారుతున్నాయని మూతి బిగించేయడం ప్రాణాంతకమైన పొరపాటు.

అన్నిటికన్నా ముఖ్యం ఎర్తింగ్. కాయిల్ పైతొడుగు పగిలితే కరెంటు నీటిలోకి వస్తుంది. దాన్ని భూమిలోకి పంపే దారి ఎర్త్ తీగ. ప్లగ్గుకు మూడో పిన్ను ఉన్నా, గోడలో దాని తీగ ఎక్కడికీ కలవకపోతే ఉన్నట్టు కాదు. కొండవాలు నేలల్లో వాన నీరు త్వరగా జారిపోయి చలికాలానికి నేల ఎండుతుంది, ఎండిన నేల కరెంటును సరిగా పోనివ్వదు. కాబట్టి ఎర్త్ గొయ్యిలో నీళ్లు పోస్తూ తడిగా ఉంచాలి. దానితోపాటు ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ ఉండాలి. వెళ్లిన కరెంటుకూ తిరిగివచ్చిన కరెంటుకూ మధ్య 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే అది సరఫరాను తక్షణం ఆపేస్తుంది. బకెట్లో వేసే ఇమ్మర్షన్ రాడ్ వాడే ఇళ్లలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి: స్విచ్ కట్టేసి ప్లగ్గు ఊడదీసేదాకా నీటిలో వేలు పెట్టకూడదు, పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు.

థర్మోస్టాట్, అంటే నిర్ణీత వేడికి కరెంటును ఆపే మీట, 60 డిగ్రీల దగ్గర ఉంటే గోరువెచ్చని నీటిలో పెరిగే లెజియొనెల్లా బ్యాక్టీరియా బతకదు. ఆ వేడికి ఒళ్లు క్షణాల్లో కాలుతుంది కనుక బకెట్లో ముందు చన్నీళ్లు పట్టి, తరవాతే వేడినీళ్లు కలపాలి. గ్యాస్ గీజరును గాలి ఆడని స్నానాల గదిలో పెట్టడం ఎంతమాత్రం తగదు. మంట నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, చలికని కిటికీ మూసుకున్న మనిషికి స్పృహ తప్పేదాకా ప్రమాదం తెలియదు.

ఆశ్రమ పాఠశాలల పైకప్పుల మీద సౌర హీటర్లు ఉన్నచోట అధికారుల తనిఖీ మరింత అవసరం, ఎందుకంటే అక్కడ తెల్లారి స్నానం చేసేది చిన్నపిల్లలు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి పైకప్పు తన వేడిని ఆకాశానికి వదిలేసి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. గాలి ఉష్ణోగ్రత సున్నాకు చేరకపోయినా బల్లపరుపు పలకల్లోని సన్నని రాగి గొట్టాల్లో నీరు గడ్డకట్టి అవి పగిలే అవకాశం ఉంది. శూన్య గాజు గొట్టాల రకానికి ఈ బెడద చాలా తక్కువ. ఏ రకమైనా పొగమంచు ఆలస్యంగా విడిచే రోజుల్లో వేడి చాలదు కనుక, తోడుగా కరెంటు కాయిల్ పనిచేస్తున్నదో లేదో, గాజు మీది దుమ్ము తుడిచారో లేదో డిసెంబరు రాకముందే చూడాలి.