మదర్‌బోర్డు నెన్నుకొను విధము

నిడదవోలు రైల్వే స్టేషనులో కాలినడక వంతెనపై నిలిచి క్రిందికి చూచిన, మూడు దిక్కులకు పోవు పట్టాలు కానవచ్చును. ఒకటి కొవ్వూరు మీదుగా గోదావరిని దాటి రాజమహేంద్రవరమునకు పోవును. ఒకటి తాడేపల్లిగూడెము, ఏలూరుల మీదుగా విజయవాడకు పోవును. మూడవది చీలి తణుకు, భీమవరము, నరసాపురములకు పోవు శాఖ. ఇంజను ఎంత బలము గలదైనను, ఈ జంక్షనులో పట్టాలు ఎట్లు కలిపియుండునో అట్లే పోవలెను. పట్టాలు లేని ఊరికి ఏ ఇంజనును పోజాలదు.

కంప్యూటరు పెట్టె లోపల ఇట్టి జంక్షనే యొకటి కలదు. దానినే మదర్‌బోర్డు అందురు. అంగళ్లలో 'బోర్డు' అన్నను చాలును. చూచుటకు అది ఆకుపచ్చనిదో నల్లనిదో అగు ఒక పలక. దానిమీద సన్నని రాగి గీతలు పొరలు పొరలుగా పరచియుండును. లెక్కలు చేయు ప్రాసెసరు, పని జరుగుచున్నంతసేపు విషయములను నిలుపుకొను ర్యాము, శాశ్వతముగ దాచు ఎస్.ఎస్.డి., బయటి కీబోర్డు, ప్రింటరు, మానిటరు - ఇవి అన్నియు ఆ గీతల ద్వారానే ఒకదానితో నొకటి మాటలాడుకొనవలెను. 1981లో ఐ.బి.ఎం. కంపెనీ తన వ్యక్తిగత కంప్యూటరును విడుదల చేసినప్పుడు, బోర్డు మీద అయిదు ఖాళీ గాళ్లు విడిచి, వలసిన కార్డును కొన్నవారే తగిలించుకొనవచ్చునని చెప్పెను. విడిభాగములు తెచ్చి ఎవరి కంప్యూటరును వారు కూర్చుకొను అలవాటు ఆ ఖాళీ గాళ్లనుండియే పెరిగినది. 1995లో ఇంటెల్ కంపెనీ బోర్డుల కొలతలకు ఏ.టి.ఎక్స్. అను ఒక కట్టుబాటు చేసినది. నేటికిని పెద్దబోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు గలదై, దాని చెల్లెలగు మైక్రో ఏ.టి.ఎక్స్. నలుప్రక్కల 244 మిల్లీమీటర్లు గలదై యుండును. చిన్నబోర్డు పెద్ద క్యాబినెట్టులో పట్టును. పెద్దది చిన్నదానిలో పట్టదు.

నా పూర్వవిద్యార్థి యొకడు ఈ ఊరిలోనే శుభలేఖలు కూర్చి అచ్చువేయు చిన్న దుకాణము నడుపుచున్నాడు. 2023వ సంవత్సరము మాఘమాసములో, ముహూర్తములు ముమ్మరముగా నున్న వేళ, అతని కంప్యూటరు ఒక ఉదయమున మేలుకొనలేదు. మూత విప్పి చూడగా బోర్డు మీది చిన్న డబ్బాల వంటి కెపాసిటర్లు నాలుగు పై భాగమున ఉబ్బియుండెను. పెండ్లివారు గుమ్మములో నున్నారు. బయానా పుచ్చుకొని యున్నాడు. అతడు రైలెక్కి రాజమహేంద్రవరము పోయి, చేతిలోని సొమ్ములో ఎక్కువ భాగము ప్రాసెసరు మీదను, మిగిలిన దానితో అన్నిటికంటె చౌకయైన బోర్డు మీదను వెచ్చించి తిరిగి వచ్చెను. రాత్రియంతయు కూర్చి మీట నొక్కగా ఫ్యాను తిరిగెను గాని తెరమీద వెలుగు రాలేదు. మరునాడు నాయొద్దకు వచ్చి, "మాష్టారూ, ప్రాసెసరు పాడైనదేమో చూడండి" అని అడిగెను.

ప్రాసెసరు పాడుకాలేదు. అది ఇంటెల్ వారి పదుమూడవ తరమునకు చెందినది. ఆ జనవరిలోనే అంగడికి వచ్చినది. బోర్డు హెచ్.610 జాతిది, అట్టి బోర్డులు 2022 ఆరంభమున, పండ్రెండవ తరము వాడుకలో నున్నప్పుడు వచ్చినవి. రెంటికిని సాకెట్టు ఒక్కటే. కాని బోర్డులో బయోస్ అను చిన్న కార్యక్రమ మొకటి యుండును. మీట నొక్కగానే మొదట మేలుకొని, ఎవరెవరు వచ్చినారో హాజరు పిలుచునది అదియే. ఆ పెట్టె అరమీద చాలకాలము కూర్చుండుటచే దాని హాజరుపట్టీలో క్రొత్త పిల్లవాని పేరు లేదు. పేరు లేనివాడు బడికి వచ్చియు రానివాడే యగును. బయోసును క్రొత్తదానిగా మార్చవచ్చును. కాని ఈ బోర్డులో ఆ పనికి ముందు పాత తరము ప్రాసెసరు నొకదానిని పెట్టి దానిని మేలుకొల్పవలెను. కొన్ని బోర్డులకు మాత్రము ప్రాసెసరు లేకయే పెన్‌డ్రైవుతో బయోసును మార్చు మీట వెనుక వైపున ఉండును. కొనునప్పుడే "ఈ ప్రాసెసరునకు సరిపడు బయోసు దీనిలో నున్నదా?" అను ఒక్క ప్రశ్న అడిగియుండిన అతనికి రెండవ ప్రయాణము తప్పెడిది.

కావున బోర్డును ఎంచుకొనువారు ముందు చూడవలసినది సాకెట్టు. ఇంటెల్ వారి ఎల్.జి.ఏ. 1700 అను సాకెట్టులో 1700 సన్నని స్ప్రింగు సూదులుండును. 2021లో వచ్చిన ఇది పండ్రెండు, పదుమూడు, పదునాలుగు తరముల ప్రాసెసర్లను పట్టును. 2024లో వచ్చిన దానియందు సూదులు 1851. ఏ.ఎం.డి. వారి ఏ.ఎం.5 సాకెట్టు 2022లో వచ్చినది. దానికి ముందున్న ఏ.ఎం.4 చాల ధన్యమైనది. 2017లో రైజెన్ ప్రాసెసరుతో బోర్డు కొన్నవారిలో ననేకులు, బయోసు మాత్రము మార్చుకొని, 2022లో వచ్చిన ప్రాసెసరును అదే బోర్డులో పెట్టుకొనగలిగిరి. దీనికి ఎదురు ఉదాహరణము కూడ వినుడు. ఇంటెల్ వారి 1151 సాకెట్టు బోర్డును 2015లో కొన్నవారు, 2017లో వచ్చిన ఎనిమిదవ తరము ప్రాసెసరునకును 1151 స్పర్శలే యుండుట చూచి సంతోషించిరి. అది పాత బోర్డులలో పనిచేయలేదు. సంఖ్య కలిసినంత మాత్రమున సంబంధము కుదరదు. బోర్డు కంపెనీవారు ప్రకటించిన జాబితాలో ఆ ప్రాసెసరు పేరు ఉన్నదా లేదా చూచుకొనవలెను.

తరువాతిది చిప్‌సెట్టు. ఇంటెల్ 1700 సాకెట్టు బోర్డులలో హెచ్.610 చౌక, బి.760 నడిమిది, జెడ్.790 ఖరీదైనది. ఖరీదైనదాని గొప్ప యేమనగా, ప్రాసెసరును దాని నియమిత వేగమునకు మించి పరుగెత్తింపవచ్చును. శుభలేఖలకు ఆ పరుగుతో పనిలేదు. అట్లే రంగురంగుల దీపములతోను అవసరము లేదు. దీపములకు వెల యిచ్చి కొనువారిని చూచిన నాకు నవ్వు వచ్చును, క్యాబినెట్టు బల్ల క్రింద గదా యుండును!

కంటికి గొప్పగా కనబడని భాగ మొకటి కలదు. నా అభిప్రాయమున సొమ్ము పెట్టవలసిన చోటు అదియే. ఎస్.ఎం.పి.ఎస్. అను విద్యుత్తు పెట్టె బోర్డునకు 12 వోల్టులను పంపును. ప్రాసెసరునకు కావలసినది రమారమి 1.2 వోల్టులు మాత్రమే. ఆ తగ్గించు పనిని సాకెట్టు ప్రక్కన వరుసగా నున్న చిన్న చిన్న భాగములు చేయును, వానిని వి.ఆర్.ఎం. అందురు. మీరు చదివిన లెక్క నిచట వేయుడు. వాట్లను వోల్టులచే భాగించిన ఆంపియర్లు వచ్చును. వేయి వాట్ల ఇస్త్రీపెట్టె 230 వోల్టుల మీద నాలుగు ఆంపియర్లకు కొంచెము పైగా తీసికొనును. 65 వాట్ల ప్రాసెసరు 1.2 వోల్టుల మీద 54 ఆంపియర్లు తీసికొనును! అనగా ఇస్త్రీపెట్టె తీగలో పోవు ప్రవాహమునకు పండ్రెండు రెట్లు, చింతగింజలంత భాగములగుండా పోవుచున్నది. పని ముమ్మరమైనప్పుడు 65 వాట్లని పెట్టెమీద వ్రాసిన ప్రాసెసరు కొంతసేపు అంతకు రెట్టింపు కోరుటయు కలదు. అప్పుడు ఆ భాగములు కాలును. మరీ చౌక బోర్డులలో ఈ భాగములు తక్కువ. వానిమీద వేడిని లాగు లోహపు దిమ్మె యుండదు. వేడి మితిమీరగానే బోర్డు ప్రాసెసరు వేగమును తగ్గించును. ఎక్కువ వెలపెట్టి కొన్న ప్రాసెసరు తక్కువ వెల దానివలె నడచును.

మన డెల్టాలో ఈ సంగతి మరింత ముఖ్యము. రోహిణికార్తెలో రేకుల కప్పు క్రింద దుకాణమెట్లు కాగునో మీరెరుగుదురు. ద్రవము నింపిన కెపాసిటరు విషయమున ఇంజనీర్లు ఒక లెక్క చెప్పుదురు: చుట్టునున్న వేడి పది డిగ్రీలు పెరిగిన దాని ఆయుర్దాయము రమారమి సగమగును, పది తగ్గిన రెట్టింపగును. నా విద్యార్థి పాత బోర్డు మీద ఉబ్బినవి ఆ జాతి కెపాసిటర్లే. నేటి మంచి బోర్డులలో ద్రవము లేని ఘన కెపాసిటర్లు వాడుచున్నారు. అంగడిలో పెట్టె విప్పించి, సాకెట్టు ప్రక్కన లోహపు దిమ్మె యున్నదా యని చూచుటకు అర నిమిషము చాలును.

ర్యాము గాళ్ల మాట. డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 అను రెండు జాతుల ర్యాములకును 288 స్పర్శలే యున్నను, నడిమి గాటు వేరువేరు చోట్ల నుండును. ఒకదాని గాడిలో మరొకటి దిగదు. బలవంతము చేయరాదు. ఏ.ఎం.5, ఎల్.జి.ఏ. 1851 సాకెట్ల బోర్డులు డి.డి.ఆర్.5నే పట్టును. ఎల్.జి.ఏ. 1700కు రెండు జాతుల బోర్డులును వచ్చినవి. రెండు గాళ్ల బోర్డు కొని రెండును నింపినచో, రేపు పెంచుకొనదలచినవారు పాతవానిని తీసివేయవలసియుండును. నాలుగు గాళ్లున్న ప్రక్కన మరి రెండు చేర్చుకొనవచ్చును. ఎస్.ఎస్.డి. కొరకు ఎం.2 అను గాడి యొకటియైనను తప్పక ఉండవలెను. పాత సాటా తీగ ద్వారా సెకనుకు 550 మెగాబైట్లకు మించి రావు, ఎం.2 గాడిలో మూడవ తరము మార్గము మీదనే 3500 వరకు వచ్చును.

వెనుక భాగమున నుండు రంధ్రములను లెక్కించుట చిన్న పనియే గాని, డబ్బు మిగులునది అచటనే. నా విద్యార్థి యొద్ద పాత మానిటరు కలదు. అది బాగుగనే యున్నది. దానికి పదునైదు సూదుల వి.జి.ఏ. తీగ మాత్రమే పట్టును. ఆ రంధ్రమున్న బోర్డును ఎన్నుకొన్నచో మానిటరు కొననక్కరలేదు. మరి పాత ఎస్.ఎం.పి.ఎస్. సంగతి యేమన్నాడు. దాని ప్రాసెసరు తీగకు నాలుగు సూదులే కలవు. క్రొత్త బోర్డు ఎనిమిది కోరుచున్నది. దానిని మార్చుకొనుమంటిని. పది సంవత్సరములు వోల్టేజి ఎగుడుదిగుడులను భరించిన పెట్టెకు క్రొత్త బోర్డును అప్పగించుట నా మనస్సున కొప్పలేదు.

ఇక వెల. ఉదాహరణకు ఒక బోర్డు ఆరువేల రూపాయలు, మరియొకటి తొమ్మిదివేల నూరు అనుకొందము. మొదటిది మూడేండ్లకు చాలకపోయి మార్చవలసివచ్చిన, ఏటికి రెండువేలు పడినది. రెండవది ఏడేండ్లు సాగిన, ఏటికి పదుమూడు వందలే. అట్లని ఇరువదివేల బోర్డు ఇరువదేండ్లు సాగదు. అంతలో సాకెట్లే మారిపోవును. నడుమ నెక్కడనో మంచి బేరము ఉండును. ఆ చోటు పనినిబట్టి మారును. ఉత్తరములు టైపుచేసికొనుటకు, పాఠములు చూచుటకు మాత్రమే కంప్యూటరు కావలసిన యింటికి చౌక బోర్డే చాలును. అట్టివారిని నడిమిదానికి పురికొల్పుటయు తప్పే. ఆసుస్, గిగాబైట్, ఎం.ఎస్.ఐ., ఆస్‌రాక్ - ఈ నాలుగును తైవాను కంపెనీలే. ప్రతి కంపెనీకి మంచి బోర్డును కలదు, మట్టు బోర్డును కలదు. పేరును బట్టిగాక నమూనాను బట్టి చూడవలెను.

నా విద్యార్థి రెండవమారు గోదావరి దాటి వెళ్లెను. అంగడివాడు మొదట గొణిగినను, విప్పిన బోర్డును కొంత తగ్గించి వెనుకకు తీసికొనెను. అతడు పై సొమ్మిచ్చి, నాలుగు ర్యాము గాళ్లును, లోహపు దిమ్మెయు, వి.జి.ఏ. రంధ్రమును గల బి.760 బోర్డును, ఒక ఎస్.ఎం.పి.ఎస్.ను తెచ్చుకొనెను. 18 శాతము జి.ఎస్.టి. చూపిన బిల్లును, బోర్డు సంఖ్య వ్రాయించి మరీ పుచ్చుకొనెను. అది లేనిదే గ్యారంటీ అడుగుట కష్టము. ప్లగ్గుపాయింటులో ఎర్తు తీగ ఉన్నదో లేదో పరీక్షించి, లేదని తెలిసి, ముందు ఎలక్ట్రీషియనును పిలిచితిమి. ఆపై, ఒంటి మీది స్థిరవిద్యుత్తు పోవుటకు క్యాబినెట్టు లోహమును చేతితో తాకి, బోర్డును అంచులతో పట్టుకొని, సాకెట్టులోని సూదులకు వ్రేలు తగులనీయక ప్రాసెసరును దింపెను. దింపి లోహపు మూత మూయగానే, సాకెట్టును కప్పియుండిన నల్లని ప్లాస్టిక్కు టోపీ దానంతట అది ఊడి చేతికి వచ్చెను. అతడు దానిని చెత్తబుట్టలో వేయబోగా వారించితిని. బోర్డును మరమ్మతుకు పంపవలసినప్పుడు, సూదులు వంగకుండ ఆ టోపీ పెట్టి పంపినగాని కంపెనీవారు పుచ్చుకొనరు.

ఈ మారు మీట నొక్కగానే తెర వెలిగినది. తేదీ మాత్రము తప్పుగా చూపినది, సరిదిద్దితిమి. కరెంటు లేనప్పుడు కూడ ఆ తేదీని కాపాడునది బోర్డు మీది నాణెము వంటి బ్యాటరీ. దానిపై సి.ఆర్. 2032 అని యుండును. అనగా 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందము. సాయంకాలమునకు పెండ్లివారి శుభలేఖ ప్రూఫు తీసియిచ్చెను. నల్లటోపీ నేటికిని అతని సొరుగులో, ఆ బిల్లుతోపాటు ఒక కవరులో నున్నది.