కార్లు చూద్దామని ఆటో ఎక్స్‌పోకి వెళ్తే స్క్రీన్లే కనిపించాయి!

2025 జనవరి 17 నుంచి 22 వరకు ఢిల్లీ భారత్ మండపంలో జరిగిన భారత్ మొబిలిటీ ఎక్స్‌పోకి వెళ్లొచ్చాను. ఇంతకుముందు ఆటో ఎక్స్‌పో అంటే గ్రేటర్ నోయిడా దాకా పోవాల్సి వచ్చేది. ఇప్పుడు సుప్రీంకోర్టు మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచే దూరం. ఎంట్రీ ఫ్రీ, ముందే రిజిస్టర్ చేసుకుంటే చాలు. ఫ్రీ కదా, జనం మామూలుగా లేరు. ఒక్కో కారులో కూర్చోవడానికి కూడా లైనే.

మొబైల్స్ రివ్యూ చేసే నాకు ఇక్కడేం పని అంటారా? నాన్న పాత పెట్రోల్ కారు మార్చాలి. ఆయన అడిగింది ఒక్కటే: "హైదరాబాద్ నుంచి విజయవాడకి మధ్యలో ఆగకుండా పోతుందా?"

ముందు మహీంద్రా స్టాల్‌కి వెళ్లా. ఎక్స్ఈవీ 9ఈ డ్యాష్‌బోర్డ్ మీద వరుసగా మూడు 12.3 అంగుళాల స్క్రీన్లు! లోపల స్నాప్‌డ్రాగన్ 8295 చిప్, 24 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్. మన దగ్గర ఫ్లాగ్‌షిప్ ఫోన్లకే అంత ర్యామ్ అరుదు. టచ్ మాత్రం చాలా స్మూత్‌గా ఉంది.

ఇక హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్. 17వ తేదీనే లాంచ్ చేశారు, అప్పుడు ప్రారంభ ఎక్స్‌షోరూమ్ ధర రూ.17.99 లక్షలుగా ఉంది. 42 కిలోవాట్ అవర్ బ్యాటరీకి 390 కి.మీ., 51.4 కిలోవాట్ అవర్ బ్యాటరీకి 473 కి.మీ. రేంజ్ అని అప్పుడు చెప్పారు. ఇవి టెస్టులో వచ్చే లెక్కలు. హైవే మీద ఏసీ వేసుకుని వంద స్పీడులో పోతే, నా అంచనా ప్రకారం అందులో 70 శాతం వస్తే గొప్ప. అంటే చిన్న బ్యాటరీకి 273, పెద్దదానికి 331. విజయవాడ దాదాపు 275 కి.మీ. చిన్న బ్యాటరీ సంగతి ఇక మీకే అర్థమై ఉంటుంది.

మారుతి ఈ-విటారా దగ్గర కూడా చాలాసేపు నిలబడ్డా. 49, 61 కిలోవాట్ అవర్ బ్యాటరీలు, పెద్దదానికి 500 కి.మీ. పైనే అంటున్నారు. కానీ ధర చెప్పలేదు. వేవ్ ఈవా అనే బుల్లి సోలార్ కారు సరదాగా అనిపించింది. పైకప్పు మీద ప్యానెల్ రోజుకి పది కి.మీ. దాకా నడపడానికి సరిపడా కరెంటు ఇస్తుందట. ఇంటి నుంచి కూరగాయల మార్కెట్‌కి ఓకే, మా నాన్నకి కాదు.

అసలు విషయం ఇప్పుడు చెప్తా. మూడు స్టాల్స్‌లో ఒకే ప్రశ్న అడిగా: "ఈ స్క్రీన్‌కి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు?" ఒకాయన బ్యాటరీ వారంటీ గురించి చెప్పాడు. ఇంకొకామె నవ్వి బ్రోచర్ ఇచ్చింది. మూడో ఆయన "వస్తూనే ఉంటాయి సార్" అన్నాడు. పదిహేను వేల ఫోన్‌కి కూడా బాక్స్ తెరవకముందే ఎన్ని ఆండ్రాయిడ్ అప్‌డేట్లో అడుగుతాం. ఇరవై లక్షల కారుకి అడిగితే వింతగా చూస్తున్నారు! ఫోన్ పాతబడితే రెండు మూడేళ్లకి మార్చేస్తాం, కారు పదేళ్లు వాడాలి. పైగా కొన్ని కార్లలో ఏసీ కంట్రోల్ కూడా స్క్రీన్‌లోనే. అది హ్యాంగ్ అయితే మే నెలలో సూర్యాపేట దగ్గర మన పరిస్థితి ఏంటి?

రాత్రి ఫోన్ చేసి నాన్నకి చెప్పా: "పెద్ద బ్యాటరీ అయితే పోవచ్చు నాన్నా, కానీ తిరిగి రావాలంటే అక్కడ ఛార్జింగ్ పెట్టాల్సిందే." ఆయన కాసేపు ఆలోచించి, "మీ బాబాయ్ వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ప్లగ్ పాయింట్ ఉందేమో కనుక్కో" అన్నారు.