దుబాయ్‌ రోడ్డు మీద మళ్లీ ఓనమాలు

కరీంనగర్‌లో ఇరవై ఏళ్లు లారీ తోలిన మనిషైనా సరే, దుబాయ్‌లో రెసిడెన్స్‌ వీసా పడ్డాక స్టీరింగ్‌ పట్టాలంటే డ్రైవింగ్‌ స్కూల్లో చేరాల్సిందే. విజిట్‌ వీసా మీద వెళ్లినవాళ్లు ఇంటర్నేషనల్‌ పర్మిట్‌ చూపించి అద్దె కారు నడుపుకోవచ్చు. అక్కడే ఉండిపోయేవాళ్లకు ఆ పర్మిట్‌ చెల్లదు. అమెరికా, బ్రిటన్‌ లైసెన్సులకైతే నేరుగా అక్కడి కార్డు ఇచ్చేస్తారు. మన లైసెన్సుకు మామూలుగా ఆ వెసులుబాటు లేదు, పాతదైతే క్లాసుల గంటలు కొన్ని తగ్గుతాయంతే. కంటి పరీక్ష, థియరీ, పార్కింగ్‌, ఆఖరున రోడ్డు టెస్టు. తప్పితే మళ్లీ క్లాసులు, మళ్లీ ఫీజులు. అన్నీ కలిపి వేల దిర్హాములవుతాయి.

అయినా అప్పో సప్పో చేసి మనవాళ్లు ఈ ఖర్చుకు సిద్ధపడతారు. లైసెన్సు చేతికొస్తే ఎండలో కూలిపని మాని డ్రైవరు పనికి మారొచ్చు. ఇన్నేళ్ల అనుభవానికి విలువ లేదా అని వాళ్లు బాధపడటంలో న్యాయముంది. కానీ రోడ్డెక్కాక ఆ క్లాసులు ఎందుకో కూడా అర్థమవుతుంది.

అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి, స్టీరింగ్‌ ఎడమ సీటు ముందుంటుంది. ఇండికేటర్‌ వేద్దామని చెయ్యి పెడితే వైపర్లు కదులుతాయి. చేతులు త్వరగానే సర్దుకుంటాయి, చూపు మారడమే కష్టం. రౌండబౌట్‌ దగ్గరికి రాగానే మనవాళ్లు అలవాటుగా కుడికి చూస్తారు. అక్కడ లోపల తిరిగే బండి ఎడమనుంచి వస్తుంది, ముందు దారి దానిదే. లేన్‌ మారేటప్పుడు అద్దాలు చూసి, భుజం మీదుగా తల తిప్పి పక్కన బండి లేదని నిర్ధారించుకోవాలి. పరీక్ష పెట్టేవాళ్లు ముఖ్యంగా గమనించేది దీన్నే. వెనకాలవాడు హారన్‌ కొడతాడులే అన్న భరోసాతో నడిపినవాళ్లు ఇక్కడే తడబడతారు.

దుబాయ్‌లోని పెద్ద హైవే షేక్‌ జాయెద్‌ రోడ్డు మీద ఈ అలవాట్లన్నిటికీ అసలు పరీక్ష. ఒక్కోవైపు ఆరేడు లేన్లున్న చోట్లూ ఉన్నాయి. ఎగ్జిట్‌ కోసం చాలా ముందే కుడి లేన్లలోకి చేరాలి. అది దాటిపోతే వెనక్కి తిరిగే సందు దొరకదు, తర్వాతి ఇంటర్‌ఛేంజ్‌ దాకా వెళ్లి తిరిగి రావాల్సిందే. అక్కడే కొత్తవాళ్లు కంగారుపడి రెండు మూడు లేన్లు ఒకేసారి అడ్డంగా కోసేస్తారు. పది నిమిషాల ఆలస్యం తప్పించుకోవాలని చేసే ఆ పని ప్రాణాల మీదికి తెస్తుంది.

జరిమానాలు కూడా తక్కువేం కాదు. నడుపుతూ ఫోన్‌ పట్టుకుంటే 800 దిర్హాములు, లైసెన్సు మీద 4 బ్లాక్‌ పాయింట్లు. రెడ్‌ సిగ్నల్‌ దాటితే 1,000 దిర్హాములు, 12 పాయింట్లు, 30 రోజులు బండి జప్తు. 24 పాయింట్లు చేరితే లైసెన్సు సస్పెండ్‌ అవుతుంది. అంటే రెండుసార్లు సిగ్నల్‌ దాటినా చాలు, డ్రైవింగే జీవనాధారమైన మనిషి ఇంట్లో కూర్చోవాలి. చిన్న జీతగాడికి ఆ వెయ్యి దిర్హాములంటే ఆ నెల ఇంటికి పంపే డబ్బు చాలావరకు పోయినట్టే.

ఇక వేగం సంగతి. దుబాయ్‌లో బోర్డు మీద 100 అని ఉంటే 120 దాటేదాకా కెమెరా పట్టదు. పక్క ఎమిరేట్‌ అబుధాబిలో ఆ వెసులుబాటును 2018లోనే తీసేశారు, బోర్డు మీద ఎంతుంటే అంతే. ఒకే హైవే మీద ఎమిరేట్‌ దాటగానే లెక్క మారిపోతుంది, కాలు మాత్రం పాత లెక్కనే తొక్కుతుంటుంది. దుబాయ్‌లో సాలిక్‌ టోల్‌ గేట్లు 2007 నుంచి ఉన్నాయి. ఆగి డబ్బులు కట్టే పని లేదు, అద్దానికి అంటించిన ట్యాగ్‌ ఖాతాలోంచే కోత పడుతుంది. 2025 నుంచి పనిదినాల్లో రద్దీవేళ దాటిన ప్రతిసారీ 6 దిర్హాములు. అద్దెలు తక్కువని షార్జాలో ఉంటూ దుబాయ్‌లో ఉద్యోగం చేసే తెలుగు కుటుంబాలు ఆ దారిలోని అల్‌ ఇత్తిహాద్‌ రోడ్డు రద్దీనీ, ఈ కోతనూ కలిపి లెక్కేసుకున్నాకే ఇల్లు చూసుకోవడం మేలు.

వీటికి తోడు పొగమంచు. ఎడారి దేశంలో అదేంటి అనుకుంటారు కొత్తవాళ్లు. 2008 మార్చిలో అబుధాబి–దుబాయ్‌ హైవే మీద గంతూత్‌ దగ్గర పొద్దున్నే ఆ మంచులోనే దాదాపు రెండొందల బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఇప్పుడు మంచు కమ్మితే అబుధాబి రోడ్ల మీద వేగాన్ని 80కి తగ్గిస్తూ బోర్డులు వెలుగుతాయి. అలాంటప్పుడు మనవాళ్లు జాగ్రత్త కోసమని నాలుగు ఇండికేటర్లూ వేసుకుని పోతుంటారు. అక్కడి పోలీసులు అది తప్పంటారు. వెనకాలవాడికి ముందు బండి నడుస్తోందో ఆగిందో తెలియదు, లేన్‌ మారే సైగా కనబడదు. ఫాగ్‌ లైట్లు, లో బీమ్‌ వేసుకుని ముందు బండికి దూరం పెంచుకోవాలి. దారి అసలే కనిపించకపోతే రోడ్డు దిగి, సురక్షితమైన చోట బండి ఆపుకున్నాకే ఆ హజార్డ్‌ లైట్లు వేసుకోవాలి.