మేయరు మంచివాడైతే చాలా?

ఉయ్యూరు సెంటర్లో పొద్దున్నే బెజవాడ బస్సు కోసం నిలబడ్డ కూలీల మధ్య ఈమధ్య మేము ఒక వాదన విన్నాం. "పట్నాన్ని బాగుచేసిన మేయరుంటే ఆయన్నే ఢిల్లీకి పంపాలయ్యా. ఊరు బాగుచేసినోడు దేశాన్ని చెయ్యలేడా?" అన్నాడొకాయన. నాట్లకు పోయే ఒక పెద్దమ్మ వెంటనే అడిగింది: "వీధి ఊడిపించినోడు భూమి పంచుతాడా నాయనా?"

అందరూ నవ్వారు గానీ, అది నవ్వి వదిలేసే మాట కాదు.

మేయరుకి మంచిపేరు ఎలా వస్తుంది? కుళాయిలో నీళ్ళు వస్తే వస్తుంది. రోడ్డు పడితే, మురుగు కదిలితే, దీపం వెలిగితే వస్తుంది. ఇవి చిన్న పనులని మేము అనం. కొండల మీద గుడిసెలేసుకున్న రిక్షా కార్మికుడికి కుళాయి నీళ్ళ విలువ తెలుసు. అయితే కూలి రేటు, భూపరిమితి, పంట ధర మునిసిపల్ ఆఫీసులో తేలే విషయాలు కావు. వరి మద్దతు ధరా, మన ఉయ్యూరు చెరకు ధరా ఢిల్లీలో ఖాయమవుతాయి. ఉపాధి హామీ చట్టం 2005లో పార్లమెంటులో వచ్చింది. అంటే కూలీకీ కామందుకీ తగువొచ్చినప్పుడు ఎవరి పక్కన నిలబడతాడన్న పరీక్ష మేయరుకి ఆ కుర్చీలో రానే రాదు. రాయని పరీక్షలో పాసయ్యాడని ఎలా అంటాం?

బెజవాడ సంగతే చూడండి. 1888లో పురపాలక సంఘంగా మొదలై 1981లో కార్పొరేషన్ అయింది. కమ్యూనిస్టు నాయకుడు టి. వెంకటేశ్వరరావు తొలి మేయరు. అంతటివాడు కుర్చీలో ఉన్నా ఉయ్యూరు కూలి రేటు మీద సంతకం చేసే అధికారం ఆయనకు లేదు. అసలు మన రాష్ట్రంలో కార్పొరేషన్ కార్యనిర్వహణాధికారం ప్రభుత్వం నియమించే కమిషనర్ చేతిలో ఉంటుంది. లోపం మనిషిలో కాదు, ఆ కుర్చీకున్న హద్దులో ఉంది.

ఇంకో సంగతి. బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ మూడూ బెజవాడ నడిబొడ్డు నుంచే దిగువకు పారతాయి. పట్నం మురుగు కాలువలో కలిస్తే పట్నం శుభ్రమైనట్టే కనిపిస్తుంది. ఆ నీళ్ళు వచ్చేది మన పొలాల్లోకి, మన చెరువుల్లోకి. దిగువ ఊళ్ళ వాళ్ళకు కార్పొరేషన్లో ఓటు లేదు. మేయరుకి వచ్చిన మంచిపేరులో మన మాట ఎక్కడా లేదన్నమాట.

అయితే మునిసిపాలిటీ నుంచి ఎవరూ పైకి రాలేదా? వచ్చారు. నెహ్రూ అలహాబాదులో, రాజేంద్ర ప్రసాద్ పాట్నాలో, రాజాజీ సేలంలో మునిసిపల్ అధ్యక్షులుగా పనిచేసినవాళ్ళే. మనవాడు టంగుటూరి ప్రకాశం కూడా అంతే. ఇంగ్లండు వెళ్ళి బారిస్టరు కాకముందే ఆయన రాజమండ్రి మునిసిపల్ చైర్మన్. కానీ రైతు ఆయన్ని తలుచుకునేది రాజమండ్రి వీధుల కోసం కాదు. 1937లో మద్రాసు రెవెన్యూ మంత్రిగా జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షత వహించి, భూమికి హక్కుదారు రైతేనని, శిస్తులు 1802 నాటి స్థాయికి దించాలని నివేదిక ఇచ్చినందుకు.

ఆ నివేదిక ఊరికే పుట్టిందా? ఆ 1937-38లోనే ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర నడిచింది. మన జిల్లాలో చల్లపల్లి జమీందారీ రైతులు పోరాడారు. ఉయ్యూరు కూడా ఒకప్పుడు జమీందారీయే. 1939లో మంత్రివర్గం రాజీనామా చేయడంతో నివేదిక అటకెక్కింది. ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో గానీ రాలేదు. వచ్చాక పట్టా రైతుకి దక్కింది. ఆ రైతు పొలంలో నాట్లేసిన పాలేరుకి, కూలీకి ఏం దక్కింది?

అదే ప్రకాశం ముఖ్యమంత్రిగా ఉండగా, 1947 జనవరిలో ఆర్డినెన్సు తెచ్చి కమ్యూనిస్టులను జైళ్ళలో వేశారు. జమీందారు మీద నివేదిక రాసిందీ, ఉద్యమకారుల మీద ఆర్డినెన్సు తెచ్చిందీ ఒకే మనిషి. నేడు మన డెల్టాకు నీళ్ళిచ్చే బ్యారేజికి ఆయన పేరే ఉంది. మేలు గుర్తుంచుకుందాం, కీడునీ మరవొద్దు.

దేశమంతా ఎరిగిన ఇంకో పేరు వల్లభ్‌భాయ్ పటేల్. 1924 నుంచి 1928 దాకా అహమ్మదాబాదు మునిసిపాలిటీ అధ్యక్షుడు. ఆయన్ని "సర్దార్" చేసింది అహమ్మదాబాదు కాదు, 1928 బార్డోలీ రైతు పోరాటం. పెంచిన శిస్తు 22 శాతం నుంచి 6 శాతం చిల్లరకు దిగింది. రైతు గెలిచాడు. ఆ రైతుల పొలాల్లోనే తరతరాలుగా వెట్టి చేస్తున్న దుబ్లా కూలీల బతుకు మాత్రం ఆ పోరాటంలో చర్చకే రాలేదు.

విదేశాల అనుభవమూ ఇదే చెబుతోంది. ఇండోనేషియాలో జోకో విడోడో 2005లో సోలో నగర మేయరయ్యాడు. వీధి వ్యాపారులను లాఠీలతో కాకుండా మాటలతో ఒప్పించి కొత్త మార్కెట్టుకు తరలించాడని పేరొచ్చింది. ఆ పేరుతోనే 2014లో దేశాధ్యక్షుడయ్యాడు. 2020లో ఆయన ప్రభుత్వమే కార్మిక రక్షణలను సడలించే చట్టం తెస్తే కార్మిక సంఘాలు వీధుల్లోకి రావలసి వచ్చింది. వీధి వ్యాపారితో మంచిగా ఉండటం వేరు, పెట్టుబడిదారుడికి అడ్డు నిలవడం వేరు.

కాబట్టి మంచి మేయరు మంచి జాతీయ నాయకుడు కాలేడని మేము అనడం లేదు. మేయరుగిరీ దానికి సాక్ష్యం కాదంటున్నాం, అంతే. పట్నం పొలిమేర దాటాక ఎవరితో కూర్చున్నాడు? కూలి పెంచమని సమ్మె చేస్తే పోలీసుల్ని పంపమన్నాడా, కామందును పిలిపించమన్నాడా? మిగులు భూమి మాట ఎత్తాడా, మింగాడా? కాలువలో మురుగు కలపొద్దని దిగువ ఊళ్ళ వాళ్ళు వస్తే కూర్చోబెట్టి విన్నాడా? ఓటడగడానికి ఏ పట్నం వీరుడు మన పేటకొచ్చినా ముందు ఇవి అడగాలి.

అడగడానికి ఒక్క గొంతు చాలదు. చల్లపల్లిలోనైనా బార్డోలీలోనైనా నాయకుణ్ణి నడిపించింది కింద కదిలిన జనమే. బార్డోలీలో రైతుకి సంఘం ఉంది, కూలీకి లేదు. అక్కడ కూలీకి ఏమీ మిగలకపోవడానికి కారణం అదే. ఢిల్లీకి ఎవర్ని పంపాలన్నది ఎన్నికలప్పుడు తేల్చుకుందాం. ఈ నాట్లకు కూలి ఎంతో సంఘంలో కూర్చుని ఇప్పుడే తేల్చుకోవాలి.