హిప్పీలు, ప్రచురణకర్తలు, మరుగున పడిన వినయం

హిప్పీలను మధ్యతరగతి గృహస్థులకు వివరించే పనిని అమెరికాలో పెద్ద ప్రచురణ సంస్థలే తలకెత్తుకున్నాయి. టైమ్ వారపత్రిక 1967 జూలై 7 సంచికలో దానిని ముఖచిత్ర కథనం చేసింది. 1969లో థియొడోర్ రోజాక్ గ్రంథం ‘ది మేకింగ్ ఆఫ్ ఎ కౌంటర్ కల్చర్’ వెలువడి, ప్రతిసంస్కృతి అన్న భావనకు విస్తృత ప్రచారం కల్పించింది. అందులో ప్రాచ్య చింతనకు ఒక అధ్యాయమే ఉంది. అయితే దానికి ఆధారపురుషులు కవి అలెన్ గిన్స్‌బర్గ్, రచయిత అలన్ వాట్స్.

బౌద్ధాధ్యయనానికి చిక్కు ఇక్కడే. సాక్ష్యం సాహిత్యం నుండి వచ్చింది, సంఘం నుండి కాదు. 1958 నాటి జాక్ కెరువాక్ నవల ‘ది ధర్మ బమ్స్’ అప్పటికే ధర్మాన్ని దేశదిమ్మరితనంతో ముడిపెట్టింది. ఆ కలగాపులగాన్ని వాట్స్ అదే ఏడు ఒక వ్యాసంలో విమర్శించాడు కూడా.

ఇంతలో, 1959లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరిన సోటో జెన్ ఆచార్యుడు షున్‌ర్యూ సుజుకి వద్దకు అటువంటి యువకులు పలువురు వచ్చి కూర్చున్నారు. 1967లోనే టస్సహారా కొండలోయలో ఆయన మఠం తెరుచుకుంది. వేకువన లేవడం, మౌనం, ధ్యానం, వంటశాల పని: అంతా కట్టుబాటే. సమాజాన్ని విడిచిపోవడం గురించి రాసినవారికి నియమాన్ని స్వీకరించడం అంతగా వార్త అనిపించలేదు. ఫొటోకు అందేవి జుట్టు, దుస్తులు. తెలుగు వాడుకలో నిలిచిందీ ‘హిప్పీ క్రాపే’ కదా!

కనుక ఆ పత్రికలను నాటి పాఠకుల ఊహకు సాక్ష్యంగానే స్వీకరించడం ఉచితం. సంఘ చరిత్రకు సుజుకి ప్రవచనాల ధ్వనిముద్రణలు, లిఖిత ప్రతులు చాలావరకు లభ్యమవుతున్నాయి. 1970లో వెలువడిన ‘జెన్ మైండ్, బిగినర్స్ మైండ్’ సంపాదకులు తీర్చిదిద్దిన పాఠం. దానిని ఆ ప్రతులతో పోల్చి చదవవలసి ఉంది.