సగము — దేనిలో?

భిన్నమనగానే మా విద్యార్థులు బెదరుదురు. పావులూరి మల్లన గణితమును పద్యములలో చెప్పిన భాష మనది! సాగరు ఎడమకాలువ పారెడి త్రిపురారము వంటి ఊళ్ళలో వరికల్లమే భిన్నములకు తొలి బడి.

మన పూర్వులు పాతికకు ఒక నిలువుగీత, ముప్పాతికకు మూడు గీచెడివారు. ఒక అడ్డగీత వీసము, అనగా పదునారవ పాలు. అంకెయే బొమ్మ. నేటి పటములలో వలయమును ముక్కలుగా కోసి చూపుటయు ఇట్టిదే.

అయితే గీత భాగమును చూపునే గాని, దేనిలో భాగమో చెప్పదు. 100 బస్తాల రాశిలో సగపాలు 50. భూస్వామి విత్తుల ఖర్చని 20 ముందుగా తీసికొనెనేని, సగము 40. భిన్నము మారలేదు, పాలునకు దున్నిన రైతు గాదె తరిగినది.

కావున పాలు చెప్పువాడు మొదట రాశిని చూపవలెను.