గేరు పడకుంటే క్లచ్ ప్లేటు పోయినట్టేనా?
గేరుబాక్సు దించే ముందు చూడవలసిన పరీక్షలు

మెదక్: పెండ్లిళ్లకూ, ఏడుపాయల జాతరకూ, అర్ధరాత్రి ఆసుపత్రికీ పల్లె జనానికి అక్కరకొచ్చేవి పాత బండ్లే. 1994లో వచ్చి 2019లో తయారీ ఆగిన సుమో, 2000లో వచ్చి 2005లో ఆగిన క్వాలిస్, తొలినాళ్ల బొలేరో వంటివి నమ్ముకొని బతికే కుటుంబాలు అనేకం. అటువంటి బండి ఒకనాడు ఉన్నట్టుండి గేరు పడక మొరాయిస్తే ఆ రోజు కిరాయి పోవటమే కాదు, చేతిలో ఉన్న నాలుగు రూపాయలూ షెడ్డు పాలవుతాయి.

గేరు పడటం లేదనగానే “క్లచ్ ప్లేటు పోయింది, గేరుబాక్సు దించాలి” అనే మాట ముందుగా వినబడుతుంది. అది నిజం కావచ్చు. కాకపోనూ వచ్చు. పాత బండ్లలో చాలాసార్లు అసలు జబ్బు బొటనవేలి గోరంత రబ్బరు వాషర్‌లో ఉంటుంది. ప్లేటు మార్చినా ఆ జబ్బు పోదు. ఖర్చు మాత్రం మిగులుతుంది.

ఆయిల్ చేసే పని

ఇంజను తిరుగుతుండగా దాని బలాన్ని చక్రాల నుంచి కాసేపు విడదీయటమే క్లచ్ పని. నడిచే బండికి కాడి క్షణంపాటు దించి మళ్లీ ఎత్తినట్టన్న మాట. మారుతి 800 వంటి చిన్న కార్లలో సైకిలు బ్రేకు మాదిరిగా ఒక తీగ ఈ పని చేస్తుంది. సుమో, క్వాలిస్ వంటి వాటిలో తీగకు బదులు ఆయిల్ ఉంటుంది.

రెండు ఇంజెక్షన్ సిరంజీలను నీళ్లతో నింపి, సన్నని గొట్టంతో కలిపితే ఈ కిటుకు తెలిసిపోతుంది. ఒకదాన్ని నొక్కితే రెండోది బయటికి జరుగుతుంది. మూసి ఉన్న ద్రవంపై వేసిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పోతుందని 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ చెప్పిన సూత్రం ఇదే. పెడల్ దగ్గర ఉండే సిరంజి మాస్టర్ సిలిండర్. గేరుబాక్సు పక్కన ఉండేది స్లేవ్ సిలిండర్. గొట్టంలో గాలి బుడగ చేరితే నొక్కిన బలమంతా ఆ బుడగను కుదించటానికే సరిపోతుంది. అవతలి సిరంజి కదలదు, గేరు పడదు.

ప్లేటు జబ్బు వేరు, ఆయిల్ జబ్బు వేరు

ఎక్సిలేటర్ తొక్కితే ఇంజను అరుస్తున్నా బండి లాగకపోవటం, ఎత్తులో కాలిన వాసన రావటం సాధారణంగా ప్లేటు అరిగిన గుర్తులు. పెడల్ మెత్తగా నేలకు దిగిపోవటం, రివర్స్ వేస్తే కరకరమనటం, ఇంజను ఆపితే మాత్రం గేర్లన్నీ సులువుగా పడటం ఆయిల్ జబ్బు వైపు చూపే గుర్తులు. ఇంజను ఆపినా గేరు పడకపోతే లోపం గేరు రాడ్డులోనో, గేరుబాక్సులోనో ఉండవచ్చు.

ముందుగా క్లచ్ ఆయిల్ డబ్బా చూడాలి. బ్రేకు ప్యాడ్లు అరిగేకొద్దీ బ్రేకు డబ్బాలో మట్టం కొంత దిగుతుంది. క్లచ్ సంగతి అలా కాదు. ప్లేటు అరిగినంత మాత్రాన ఆయిల్ తగ్గదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. పెడల్ వెనుక రాడ్డు, కాళ్ల కింది మ్యాటు తడిగా ఉంటే మాస్టర్ సిలిండర్ కారుతోంది. గేరుబాక్సు పక్కనున్న సిలిండర్ రబ్బరు తొడుగు ఎత్తితే ఆయిల్ కనబడితే స్లేవ్ సిలిండర్ కారుతోంది. రెంటి నడుమ పైపు జాయింట్లు, రబ్బరు పైపు కూడా తడిమి చూడాలి.

ఎక్కడా కారకపోయినా పెడల్‌ను నిమిషంపాటు తొక్కిపట్టినప్పుడు అది మెల్లగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి వాషర్ అరిగి ఆయిల్‌ను వెనక్కి వదులుతున్నదని అనుమానించాలి. మూడు నాలుగుసార్లు గబగబా తొక్కితే గేరు పడుతూ, కాసేపాగితే మళ్లీ మొదటికొస్తుంటే పైపులో గాలి చేరినట్టు. తొక్కినప్పుడు పాత రబ్బరు పైపు బుగ్గలా ఉబ్బుతుంటే పైపే మార్చాలి.

అసలు తీర్పు పుష్ రాడ్‌ది

గేరుబాక్సు దించే ముందు ఈ ఒక్క పరీక్ష తప్పక చేయించుకోవాలి. ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు పెట్టాలి. ఒకరు పెడల్ తొక్కుతుండగా మరొకరు స్లేవ్ సిలిండర్ నుంచి వచ్చే పుష్ రాడ్ అనే చిన్న కడ్డీని గమనించాలి. కడ్డీ కొద్దిగానే కదిలితే జబ్బు బయట ఆయిల్ దారిలో ఉంది. గేరుబాక్సు ముట్టవలసిన పని లేదు. కడ్డీ పూర్తిగా జరుగుతున్నా గేరు పడకపోతే జబ్బు లోపల ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగులలో ఉంది. అప్పుడు దించక తప్పదు. కొన్ని కొత్త రకం బండ్లలో స్లేవ్ సిలిండర్ గేరుబాక్సు లోపలే ఉంటుంది గనుక వాటికి ఈ పరీక్ష కుదరదు.

గాలి తీసే తీరు

గాలి తీయటానికి ఇద్దరు కావాలి. స్లేవ్ సిలిండర్ నిపుల్‌కు పారదర్శకపు గొట్టం తొడిగి, రెండో కొనను కొంచెం కొత్త ఆయిల్ పోసిన సీసాలో ముంచాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టాలి. రెండోవారు నిపుల్ వదులు చేసి, బుడగలతో ఆయిల్ వచ్చాక బిగించాలి. బిగించిన తరువాతే పెడల్ వదలాలి. ముందే వదిలితే గాలి తిరిగి లోపలికి పోతుంది. బుడగలు ఆగేవరకు ఇలా చేస్తూ, పైన డబ్బా ఖాళీ కాకుండా పోస్తుండాలి. సీసాలో పడిన పాత ఆయిల్ మళ్లీ వాడరాదు.

ఏ ఆయిల్ పోయాలో డబ్బా మూతపైనే రాసి ఉంటుంది. ఎక్కువ బండ్లకు డాట్ 3 లేదా డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ వాడతారు. కొందరు అవసరానికి ఇంజను ఆయిలో, డీజిలో పోస్తుంటారు. ఇంతకంటె నష్టం లేదు. రబ్బరు వాషర్లన్నీ ఉబ్బిపోయి మొత్తం దారి మార్చవలసి వస్తుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. తేమ చేరితే ఆ హద్దు 140కి దిగవచ్చు. ఆ తేమే సిలిండర్ గోడలను తుప్పు పట్టిస్తుంది. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మార్చటం మేలు. మూత తీసి వదిలిన పాత డబ్బాలోది పోయకూడదు. ఆయిల్ రంగుపై పడితే వెంటనే నీళ్లతో కడగాలి. అది విషం గనుక పిల్లలకు అందనివ్వరాదు.

సిలిండర్ గోడ నున్నగా ఉంటే వాషర్ల కిట్టుతో సరిపోతుంది. గుంటలు పడితే కొత్త వాషర్ కూడా త్వరలోనే కోసుకుపోతుంది. అప్పుడు సిలిండర్ మొత్తం మార్చటమే చవక.

దారిలో ఆగిపోతే

ఇంజను ఆపి మొదటి గేరు వేసి, ఆ పైన స్టార్ట్ చేసి బండిని కదిలించే మొండి పద్ధతి డ్రైవర్లకు తెలిసినదే. తాళం తిప్పగానే బండి ముందుకు దూకుతుంది. జనం ఉన్నచోట, నర్సాపూర్ అడవి దారిలో, రాత్రిపూట, లోపల మనుషులుండగా ఆ పని చేయరాదు. కొన్ని బండ్లలో బ్రేకుకూ క్లచ్‌కూ డబ్బా ఒక్కటే ఉంటుంది. అటువంటి దానిలో ఆయిల్ తగ్గితే బ్రేకుకే ముప్పు. దాన్ని నడపకుండా లాగించుకు రావటమే మంచిది.

బండి యజమానులు మెకానిక్‌ను తప్పుబట్టనక్కరలేదు. “దించే ముందు పుష్ రాడ్ కదలిక చూపించన్నా, తీసిన పాత సామాను చేతికియ్యి” అని అడిగితే చాలు. పని తెలిసినవాడు సంతోషంగానే చూపిస్తాడు. నెలకోసారి మూత తీయకుండానే డబ్బా మట్టం చూసుకోవటం, నడిపేటప్పుడు ఊరకే క్లచ్‌పై కాలు ఆనించకపోవటం ఖర్చులేని జాగ్రత్తలు. పురిటి నొప్పులు పడుతున్న ఆడమనిషిని ఎక్కించుకొన్నాక పెడల్ నేలకు దిగిపోతే ఏ మెకానిక్కూ ఆ నిమిషాన అక్కడ ఉండడు.